అబర్గవెనీ నుంచి అబర్గవెనీకి: బ్లాక్ మౌంటెన్స్ గట్ల మీద నాలుగు రోజులు

నేను వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో నర్సుగా పనిచేస్తాను. సొంతూరు పార్వతీపురం. నైట్ డ్యూటీలు వరసగా చేశాక ఒక్కోసారి నాలుగు రోజులు సెలవు కలిసొస్తుంది. పొద్దున్నే రైలెక్కి, ఓ స్టేషన్‌లో దిగి, నాలుగు రోజులు కొండల మీద నడిచి, మళ్ళీ అదే స్టేషన్‌కి చేరుకునే దారి ఒకటుంది. ఇప్పటికి ఐదుసార్లు నడిచాను. రెండుసార్లు ఒక్కదాన్నే, మూడుసార్లు బ్రిస్టల్‌లో ఉండే మా తమ్ముడితో. కార్డిఫ్‌లోనూ బర్మింగ్‌హామ్‌లోనూ ఉన్న మనవాళ్ళు ఫోన్ చేసి అడుగుతుంటే ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

వేల్స్ కొండలనగానే అందరూ స్నోడన్‌కో (1,085 మీటర్లు), దక్షిణాన పెన్ అ వాన్‌కో (886 మీటర్లు) వెళ్తారు. సెలవు రోజైతే పెన్ అ వాన్ మీద ఫొటో కోసం జనం వరసలో నిలబడతారు. అదే నేషనల్ పార్కులో, దానికి తూర్పున ఇంగ్లండ్ సరిహద్దు వెంబడి బ్లాక్ మౌంటెన్స్ ఉన్నాయి. పార్కు పేరు బన్నై బ్రఖైనియోగ్. 2023 దాకా బ్రెకన్ బీకన్స్ అనే ఎక్కువగా పిలిచేవారు. బ్లాక్ మౌంటెన్స్‌లో ఎత్తైన కొండ 811 మీటర్లే. కానీ ఒకసారి పైకెక్కామంటే గంటల తరబడి కొండ వీపు మీదే నడుస్తాం. అటో లోయ, ఇటో లోయ, నెత్తిన ఆకాశం. మామూలు వారం రోజుల్లో వెళ్తే మధ్యాహ్నం వరకూ మనిషి ఎదురుపడని రోజులున్నాయి.

చేతులతో పట్టుకుని రాళ్ళెక్కాల్సిన చోటు ఈ దారిలో ఒక్కటీ లేదు. అందుకే జనం తేలిగ్గా తీసుకుంటారు. ఇక్కడ ఇబ్బంది పెట్టేవి పొగమంచు, గాలి, బురద. ఈ మూడింటిలో ఏదొచ్చినా కావలసింది ఒకటే: "ఇప్పుడు నేనెక్కడున్నాను, ఇక్కణ్ణుంచి దిగే దారి ఎటు?" అన్న ప్రశ్నకి వెంటనే జవాబు. ఎక్కేదారి ఎవరైనా చెబుతారు. దిగేదారులు మాత్రం ముందురోజు రాత్రే మ్యాప్ మీద మనమే చూసుకోవాలి. నేను ప్రతి రోజుకీ రెండు మూడు దిగేదారులు చిన్న కాగితం మీద రాసుకుని జాకెట్ జేబులో పెట్టుకుంటాను.

ఎప్పుడు వెళ్ళాలి

మే నెల, లేదా సెప్టెంబర్ మొదటి సగం. మేలో రాత్రి తొమ్మిది దాకా వెలుతురుంటుంది, ఫెర్న్ మొక్కలు ఇంకా ఎదిగి ఉండవు. మే చివర్లో మాత్రం మన దారిలోనే ఉన్న హే ఊళ్ళో పుస్తకాల పండగ జరుగుతుంది. 1988 నుంచి ఏటా జరుగుతున్న హే ఫెస్టివల్ అది. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఎక్కడా గది దొరకదు, ముందు తేదీలు చూసుకోండి. ఆగస్టులో కొండంతా హెదర్ పూలతో ఊదారంగు పరుచుకుంటుంది, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కానీ నడుం ఎత్తు ఫెర్న్ పొదల్లో పిడుదులు (ఇక్కడ టిక్స్ అంటారు) పట్టుకుంటాయి. ఆగస్టులో వెళ్తే ప్యాంటు సాక్సులోకి దోపుకుని నడవండి, రాత్రి మోకాళ్ళ వెనక, నడుం దగ్గర వెతుక్కోండి. కనబడితే సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రగా గుండ్రటి మచ్చ విస్తరిస్తే డాక్టర్‌కి చూపించాలి, అది లైమ్ వ్యాధికి గుర్తు.

డిసెంబర్, జనవరి వద్దు. సాయంత్రం నాలుగయ్యేసరికి చీకటి పడిపోతుంది.

బస

టెంటు గురించి అందరూ అడుగుతారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో డార్ట్‌మూర్‌ని మినహాయిస్తే ఎక్కడపడితే అక్కడ టెంటు వేసుకునే హక్కు లేదు. 2000లో వచ్చిన చట్టం వల్ల ఈ బయలు కొండల మీద కాలినడకన తిరిగే హక్కుంది గానీ రాత్రి పడుకోవాలంటే ఆ భూమి సొంతదారు అనుమతి కావాలి. నేను గదులే తీసుకుంటాను. మొదటి రాత్రి లాంథొనీ, రెండోది హే, మూడోది క్రిక్‌హోవెల్. టెంటు, పరుపు, పొయ్యి లేకపోతే బ్యాగ్ 7 కిలోలకి మించదు. నలభై దాటిన మోకాళ్ళకి ఆ తేడా మూడో రోజు బాగా తెలుస్తుంది.

లాంథొనీ చాలా చిన్న ఊరు, అక్కడ గదులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. కాబట్టి మొదట లాంథొనీలో గది దొరికాక, ఆ తేదీని పట్టుకుని మిగతా రెండూ బుక్ చేయండి. నేను మొదటిసారి తిరగేసి చేసి, హే, క్రిక్‌హోవెల్ బుకింగులు రెండూ మార్చుకోవాల్సి వచ్చింది.

సంచిలో ఏముండాలి

ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ మ్యాప్, నంబర్ ఓఎల్ 13. దీని మీద 4 సెంటీమీటర్లు అంటే నేల మీద ఒక కిలోమీటర్. ఫోన్‌లో మ్యాప్ ఉన్నా కాగితం మ్యాప్ ఉండాల్సిందే. చలికి ఫోన్ బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది, తడి వేళ్ళకి స్క్రీన్ పలకదు. దానితోపాటు ప్లేటు మీద బిగించిన మామూలు కంపాస్ ఒకటి.

బట్టల్లో కాటన్ వద్దు. జీన్స్ అసలే వద్దు. తడిసిన కాటన్ ఒంటికి అతుక్కుని వేడినంతా లాగేస్తుంది. లోపల సింథటిక్ గానీ ఉన్ని గానీ, మీద ఫ్లీస్, ఆ పైన నీళ్ళు చొరబడని జాకెట్. మనవాళ్ళు మర్చిపోయేది వాటర్‌ప్రూఫ్ ప్యాంటు. ఇక్కడ వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొడుతుంది. టోపీ, గ్లవ్స్ మేలో కూడా ఉండాలి. ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి 100 మీటర్లకి అర డిగ్రీ పైనే తగ్గుతుంది. హే ఊళ్ళో 14 డిగ్రీలుంటే ఆ 811 మీటర్ల కొండ వైన్ వాఖ్ మీద 9, 10. దానికి గాలి తోడైతే ఒంటికి ఇంకా చల్లగా తగులుతుంది. హెడ్‌టార్చి, విజిల్, మడత పెట్టే ఫాయిల్ దుప్పటి, కాలి బొబ్బలకి టేపు. సంచి లోపల పెద్ద ప్లాస్టిక్ కవరు వేసి, బట్టలన్నీ అందులో పెట్టండి. సంచి మీద వేసే కవర్ గాలికి ఎగిరిపోతుంది.

నీళ్ళు 2 లీటర్లు. గట్టు మీద వాగులుండవు. కింద పారే వాగుల్లో గొర్రెలు తిరుగుతాయి, కాచకుండా తాగొద్దు.

తిండి సంగతి నాకు ముఖ్యం. మొదటి రోజు పొద్దున్న ఇంట్లో చింతపండు పులిహోర కలుపుకుని బయల్దేరతాను, నూనె కొంచెం ఎక్కువగా, పల్లీలు దండిగా వేసి. సాయంత్రం దాకా చెక్కుచెదరదు. రెండో రోజుకి పలచటి అటుకులు: ఆవాలు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, అటుకులు అందులో వేయించి, ఉప్పు, పసుపు కలిపి జిప్ కవర్లో పెట్టుకుంటాను. బస చేసిన చోట పొద్దున్నే ఫ్లాస్కులో వేడినీళ్ళు పట్టుకుంటే చాలు. మధ్యాహ్నం గట్టు మీద ఏదైనా రాయి చాటున కూర్చుని, కప్పులో అటుకులు వేసి వేడినీళ్ళు పోసి మూత పెడితే మూడు నిమిషాల్లో తయారు. ఆ చలిగాలిలో కరివేపాకు వాసన ముక్కుకి తగిలిందంటే ఇంకో పది కిలోమీటర్లకి ఓపికొస్తుంది. సున్నుండలు నాలుగు అడుగున ఉండాలి, అవి తినడానికి కాదు, ఆలస్యమైతే ఆదుకోవడానికి. మొదటి రోజు ఊళ్ళు దాటాక మళ్ళీ హే వచ్చేదాకా కొట్టు లేదు. అబర్గవెనీ మార్కెట్లో వెల్ష్ కేకులు కొనుక్కోండి. పెనం మీద కాల్చే ఎండుద్రాక్ష బిళ్ళలవి, సంచిలో నలిగినా రుచి పోదు.

మొదటి రోజు: స్కిరిడ్ దాటి లాంథొనీకి

న్యూపోర్ట్ నుంచి అబర్గవెనీకి రైల్లో అరగంట కూడా పట్టదు. స్టేషన్ నుంచి ఈశాన్యానికి నడిస్తే పొలాల మీదుగా స్కిరిడ్ కొండ వస్తుంది. 486 మీటర్లు, ఒంటరిగా నిలబడి ఉంటుంది. పడమటి వైపు పెద్ద ముక్క కొండ నుంచి విడిపోయి జారినట్టు కనిపిస్తుంది. నిజంగా కొండచరియ విరిగిన చోటే అది. క్రీస్తు శిలువ మీద ప్రాణం విడిచినప్పుడు చీలిందని ఇక్కడివాళ్ళ నమ్మకం. అందుకే దీన్ని పవిత్రమైన కొండ అంటారు, ఒకప్పుడు ఇక్కడి మట్టి తీసుకెళ్ళి పొలాల్లో చల్లుకునేవారట. శిఖరం మీద సెయింట్ మైఖేల్ గుడి ఆనవాళ్ళు రెండు రాళ్ళు మిగిలాయి. కొండెక్కి దేవుణ్ణి చూసే ఊళ్ళ నుంచి వచ్చినదాన్ని కదా, ఆ రాళ్ళ మధ్య నిలబడితే నాకు కొత్తగా అనిపించదు.

అక్కణ్ణుంచి లాన్‌విహాంగెల్ క్రుకోర్నీ ఊళ్ళోకి దిగి, మళ్ళీ హాటరల్ కొండ ఎక్కాలి. పైకి చేరాక ఓక్ కాయ గుర్తున్న చెక్క స్తంభాలు కనిపిస్తాయి. అది ఆఫాస్ డైక్ పాత్ గుర్తు. 1971లో తెరిచిన ఈ బాట వేల్స్ దక్షిణ తీరం నుంచి ఉత్తర తీరం దాకా 285 కిలోమీటర్లు. గట్టు మీద నడుస్తున్నంతసేపూ ఎడమకాలు వేల్స్‌లో, కుడికాలు ఇంగ్లండ్‌లో ఉన్నట్టే. ఎడమ పక్క ఇరుకైన పచ్చటి యూయస్ లోయ, కుడి పక్క హియర్‌ఫర్డ్‌షైర్ ఎర్రటి దుక్కులు. ఇక్కడి రాయి ఎర్ర ఇసుకరాయి, మట్టి కూడా ఎర్రనే. వాన వెలిశాక దుక్కి నేల రంగు చూస్తే మా ఊరి చెలక గుర్తొస్తుంది.

లాంథొనీకి దిగేదారి ఎడమ పక్కన గుర్తు పెట్టి ఉంటుంది. గుర్తున్న చోటే దిగండి, లోయలో చర్చి గోడలు కనబడుతున్నాయి కదా అని అడ్డంగా దిగొద్దు. ఈ గట్టు పక్కలు పైనుంచి చూసినదానికన్నా నిటారుగా ఉంటాయి, ఫెర్న్ కింద గుంతలు కనపడవు. కింద 12వ శతాబ్దపు అగస్టీనియన్ మఠం శిథిలాలున్నాయి, కప్పులేని కమానుల వరస. ప్రవేశం ఉచితం. సాయంత్రం వెలుగు ఆ కమానుల్లోంచి గడ్డి మీద పడే వేళకి చేరేలా చూసుకోండి.

మొత్తం 20 కిలోమీటర్లు, దాదాపు 900 మీటర్ల ఎక్కుడు. టైం లెక్క ఇలా వేయాలి. గంటకి 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకి అదనంగా ఒక గంట. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రం ఇది. ఆ లెక్కన ఐదున్నర గంటలు. కానీ అది ఆగకుండా నడిచే గట్టివాళ్ళ లెక్క. దానికి మూడో వంతు కలుపుకోండి, ఏడు గంటల పైన అవుతుంది. నేనైతే ఎనిమిది అనుకునే బయల్దేరతాను.

రెండో రోజు: గట్టు పొడవునా హే దాకా

లాంథొనీ నుంచి మళ్ళీ అదే గట్టు ఎక్కి ఉత్తరానికి తిరగాలి. ఈ రోజు దారి తప్పడం కష్టం. ఎక్కువ భాగం పీట్ నేల, అంటే వేల ఏళ్ళుగా కుళ్ళిన నాచు, గడ్డి పేరుకున్న నల్లటి స్పాంజి లాంటి మట్టి. జనం నడిచి నడిచి చెరువయ్యే చోట రాతి పలకలు పరిచారు. వాటి మీదే నడవండి, మన కాళ్ళు పొడిగా ఉండటం కోసం మాత్రమే కాదు, ఆ నేల ఒకసారి చిరిగితే కోలుకోవడానికి చాలా ఏళ్ళు పడుతుంది.

ఇక్కడ మనుషుల కన్నా గుర్రాలు ఎక్కువ. పొట్టిగా, జూలు కళ్ళ మీద పడుతూ, గుంపులుగా మేస్తుంటాయి. అడవి గుర్రాల్లా తిరుగుతాయి గానీ వాటికి సొంతదారులున్నారు. తిండి పెట్టొద్దు, పిల్ల ఉన్న తల్లికి దూరంగా చుట్టి వెళ్ళండి. ఆగస్టులో అయితే బాట పక్కన వింబెర్రీలు. మోకాలి కిందికి ఉండే పొదలు, చిన్న నల్లటి పళ్ళు. నేరేడు పళ్ళలాగే నాలుక, పెదవులు, వేళ్ళు ఊదారంగు తేలతాయి. రుచిలో పులుపు ఎక్కువ. పోయిన ఆగస్టులో వదిన ఒక డబ్బా నిండా ఏరి తెచ్చి ఇంట్లో పచ్చడి చేసింది, పచ్చిమిర్చి, బెల్లం వేసి. చపాతీలోకి బావుంది.

గట్టు మీద 703 మీటర్ల చోటు ఆఫాస్ డైక్ పాత్ మొత్తంలో ఎత్తైనది. బోర్డు లేదు, గుట్టలా కూడా అనిపించదు. చివర్లో నేల ఒక్కసారిగా తెగిపోయి, హే బ్లఫ్ (677 మీటర్లు) అంచున నిలబడతాం. కింద వై నది లోయంతా పరిచినట్టు కనబడుతుంది. అక్కడ గాలి బలంగా ఉంటే అంచుకి పది అడుగులు వెనకే ఉండండి.

ఈ రోజు దిగేదారులు: ఎడమకి కాపెల్ అ ఫిన్, కుడికి లాంగ్‌టౌన్ వైపు. ఎడమ లోయలో ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు, గట్టు మీదే మెరుగు. ఎవరికైనా ఫోన్ చేయాలనుకుంటే దిగక ముందే చేయండి.

హే ఊరు పాత పుస్తకాలకి ప్రసిద్ధి. 1960ల్లో రిచర్డ్ బూత్ అనే ఆయన మొదటి పాత పుస్తకాల కొట్టు తెరిచాడు, 1977 ఏప్రిల్ 1న తాను హే రాజ్యానికి రాజునని ప్రకటించుకున్నాడు. ఒక్క పుస్తకమే కొనండి, మిగతా రెండు రోజులూ మోయాలి.

మూడో రోజు: పెద్ద రోజు

హే నుంచి కాలినడకన బయల్దేరితే ఈ రోజు 30 కిలోమీటర్లు అవుతుంది. చేయొద్దు. ముందురోజే టాక్సీ మాట్లాడుకుని పొద్దున ఎనిమిదింటికి గాస్పెల్ పాస్ దగ్గర దిగండి. 549 మీటర్ల ఎత్తున కొండల మధ్య సందులోంచి వెళ్ళే ఒంటి వరస రోడ్డు అది. అక్కడ మొదలెడితే 22 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ.

టుంపా (690), రోస్ డిరియన్ (713) మీదుగా అంచు వెంబడి నడుస్తూ దక్షిణానికి తిరిగి వైన్ వాఖ్ (811) ఎక్కాలి. తర్వాత పెన్ ట్రుమై, పెన్ ఆల్ట్ మౌర్ (720), పెన్ కెరిగ్ కల్ఖ్ (701), చివరికి క్రిక్‌హోవెల్. పేర్లు చూసి కంగారు పడొద్దు. "పెన్" అంటే తల, "మౌర్" లేక "వౌర్" అంటే పెద్ద, "వాఖ్" అంటే చిన్న, "బూల్ఖ్" అంటే కనుమ, "కెరిగ్" రాళ్ళు, "కల్ఖ్" సున్నం. నిజంగానే ఎర్రరాయి కొండల మధ్య ఆ ఒక్క కొండ నెత్తి మీద సున్నపురాయి టోపీ ఉంది. ఈ అరడజను మాటలు తెలిస్తే మ్యాప్ మీద పేరే నేల ఎలా ఉందో చెబుతుంది.

వైన్ వాఖ్ దగ్గర ఆగి చెప్పాలి. రెండేళ్ళ కిందట సెప్టెంబర్లో నేనూ తమ్ముడూ అక్కడ దారి తప్పాం. పైన శిఖరమంటూ ఏమీ లేదు, విశాలమైన చదును నేల, పాత సర్వే స్తంభం పునాది కాంక్రీటు ముక్క ఒకటి. ఆ రోజు పొగమంచు పట్టేసింది, పది గజాల అవతల ఏమీ కనబడటం లేదు. పడమటి నుంచి వాన సూదుల్లా ముఖానికి కొడుతోంది. మేము వెళ్ళాల్సింది కూడా పడమటికే, పెన్ ట్రుమై వైపు. నడక మొదలెట్టాం. నేను ముందు, హుడ్ కిందికి లాక్కుని, తల వంచుకుని. నాకు తెలియకుండానే ముఖాన వాన తగలని వైపుకి కాళ్ళు కొంచెం కొంచెంగా తిరిగిపోయాయి. పావుగంట తర్వాత వెనక నుంచి తమ్ముడు, "అక్కా, ఆగు. మనం ఎక్కుతున్నాం" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు విషయం తెలిసిపోయింది. పెన్ ట్రుమైకి వెళ్ళేవాళ్ళు వంద మీటర్ల ఎత్తు దిగుతూనే ఉండాలి, మధ్యలో ఎక్కుడు లేదు. మేము ఎక్కుతున్నామంటే దక్షిణ తూర్పుకి పోయే ఇంకో గట్టు పట్టుకున్నాం, పెన్ అ గదైర్ వౌర్ వైపు. కంపాస్ తీసి చూస్తే అదే. వానకి వీపు పెట్టి నడుస్తున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి, ఆ కాంక్రీటు ముక్క దగ్గర నిలబడి మళ్ళీ మొదటి నుంచి దిక్కు చూసుకున్నాం. అడ్డదారిన లోయలోంచి దాటిపోదామని తమ్ముడన్నాడు, నేను ఒప్పుకోలేదు. తప్పామని తెలిసినప్పుడు తెలిసిన చోటుకి వెనక్కి వెళ్ళడమే పద్ధతి.

అందుకని కంపాస్ వాడటం ఇంటి దగ్గర పార్కులో నేర్చుకోండి, పది నిమిషాల పని. మ్యాప్ మీద కంపాస్ ప్లేటు అంచుని మీరున్న చోటు నుంచి వెళ్ళాల్సిన చోటుకి ఆనించండి. మధ్యలో ఉన్న గుండ్రటి డయల్ తిప్పి, దానిలోని గీతలు మ్యాప్ మీది నిలువు గీతలతో కలిసేలా, డయల్ బాణం మ్యాప్ పైవైపుకి ఉండేలా పెట్టండి. ఇప్పుడు కంపాస్‌ని ఛాతీ ముందు బల్లపరుపుగా పట్టుకుని, ఎర్ర సూది ఆ బాణంలో కూర్చునేదాకా మీరే తిరగండి. ప్లేటు ముందుకి చూపించేదే మీ దిక్కు. మంచులో ఇద్దరుంటే ఒకరు కనుచూపు మేర దాకా ముందు నడిచి ఆగాలి, రెండోవారు కంపాస్ చూస్తూ "ఎడమకి, ఇంకొంచెం" అని సరిచేసి, తర్వాత వెళ్ళి కలవాలి. ఒక్కరే అయితే ఎదురుగా కనపడే గడ్డి దుబ్బునో రాయినో గురి పెట్టుకుని అక్కడిదాకా వెళ్ళి మళ్ళీ చూసుకోవాలి. నెమ్మదే, కానీ తప్పదు. దిక్కుతోపాటు "ఎంతసేపు దిగాలి, ఎప్పుడు ఎక్కాలి" అని నేల వాలు కూడా ముందే గుర్తు పెట్టుకోండి. మంచులో కళ్ళు పనిచేయకపోయినా పాదాలకి వాలు తెలుస్తుంది.

వాతావరణం బాగా లేకపోతే వైన్ వాఖ్ ఎక్కకముందే పడమటికి అ గ్రీబ్ అనే సన్నటి గట్టు మీదుగా రోడ్డుకి దిగొచ్చు; గాలి ఉధృతంగా ఉంటే మాత్రం ఆ గట్టు వద్దు. పెన్ ట్రుమై దాటాక కనుమ దగ్గర రెండు వైపులకీ బాట ఉంది. మెట్ ఆఫీస్ కొండ ప్రాంతాలకి వేరే ఫోర్‌కాస్ట్ ఇస్తుంది, ఊరి ఫోర్‌కాస్ట్ చూసి బయల్దేరొద్దు. అందులో వాన కన్నా ముందు గాలి వేగం చూడండి. శిఖరాల మీద గంటకి 40 మైళ్ళు దాటుతుందంటే నేను ఆ రోజు బస్సులో క్రిక్‌హోవెల్ చేరుకుంటాను.

నర్సుగా ఒక మాట. చలి దెబ్బ తగిలేది మంచు కురిసే రోజుల్లోనే కాదు, 8 డిగ్రీల వానగాలిలో తడిసిన మనిషికీ తగులుతుంది. అప్పటిదాకా కబుర్లు చెబుతున్న మనిషి మౌనంగా అయిపోవడం, జిప్ పెట్టుకోలేకపోవడం, చదునుగా ఉన్నచోట తడబడటం, ఊరికే చిరాకుపడటం, ఇవి మొదటి గుర్తులు. "బానే ఉన్నాను" అన్నా నమ్మొద్దు. గాలి చాటుకి తీసుకెళ్ళి, పొడి బట్టలు తొడిగి, తీపి తినిపించి, వేడిగా తాగించండి. వణుకు ఆగిపోయి మత్తుగా ఉంటే అది తగ్గడం కాదు, ముదరడం. 999కి ఫోన్ చేసి పోలీస్ అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. వచ్చేవాళ్ళంతా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు, డబ్బు తీసుకోరు. ఫోన్ కలవకపోతే విజిల్ నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదాలి.

సాయంత్రం క్రీగ్ హవెల్ అనే చదునైన గుట్ట (451 మీటర్లు) మీదుగా దిగుతాం. ఇనుపయుగం నాటి కోట అది, దాని పేరే ఊరికి వచ్చింది. క్రిక్‌హోవెల్‌తో మనకి ఒక చుట్టరికం ఉంది. ఊరి పక్కనే గ్వెర్న్‌వేల్ అనే ఎస్టేట్ జార్జ్ ఎవరెస్ట్ కుటుంబానిది. ఎవరెస్ట్ శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆయనే. 1818లో హైదరాబాద్ వచ్చి లాంబ్టన్ దగ్గర భారతదేశపు మహా త్రికోణ సర్వేలో సహాయకుడిగా చేరాడు. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరంతో మంచం పట్టాడు. హే బ్లఫ్ మీద, రోస్ డిరియన్ మీద, పెన్ కెరిగ్ కల్ఖ్ మీద కనబడే తెల్లటి నాలుగు పలకల స్తంభాలు ఆ త్రికోణాల పద్ధతిలో ఈ దేశాన్ని కొలవడానికి తర్వాత కట్టినవే. నేను వాటి మీద చెయ్యి వేసినప్పుడల్లా మన్యం జ్వరంతో వణుకుతున్న ఆ కుర్రవాడు గుర్తొస్తాడు.

నాలుగో రోజు: షుగర్ లోఫ్

దాదాపు 15 కిలోమీటర్లు. లాన్‌గెనీ మీదుగా షుగర్ లోఫ్ (596 మీటర్లు) ఎక్కి అబర్గవెనీలోకి దిగడమే. బయల్దేరే ముందు అస్క్ నది మీది రాతి వంతెన చూడండి, ఒక వైపు నుంచి 12 కమానులు, ఇంకో వైపు నుంచి 13 కనిపిస్తాయి. మోకాళ్ళు మొరాయిస్తే ఇక్కణ్ణుంచి అబర్గవెనీకి బస్సుంది.

పాదంలో ఎక్కడైనా వేడిగా అనిపిస్తే అప్పుడే ఆగి బూటు విప్పి టేపు వేయండి. "ఆ గేటు దాకా" అనుకుంటే గేటు దగ్గరికి వెళ్ళేసరికి బొబ్బ వచ్చేస్తుంది. నాలుగో రోజు అందరూ చేసే పొరపాటు ఇదే, ఇంకెంతసేపులే అనుకుంటారు.

షుగర్ లోఫ్ మీద నుంచి చూస్తే తూర్పున స్కిరిడ్, ఈశాన్యాన హాటరల్ గట్టు, వాయవ్యాన మూడో రోజు నడిచిన కొండల వరస కనిపిస్తాయి. నేను అక్కడ మిగిలిన సున్నుండ తింటాను. గేట్లు ఎలా ఉన్నాయో అలాగే వదలండి, మూసినవి మూసి, తెరిచినవి తెరిచి. ఎదురైన రైతుకి "డియోల్ఖ్" అనండి, థాంక్స్ అని అర్థం. ముఖం విచ్చుకుంటుంది.

ఇంటికి చేరాక బూట్లని హీటర్ మీద పెట్టొద్దు, తోలు పగిలిపోతుంది. లోపలి అట్ట తీసేసి, పాత న్యూస్‌పేపర్ ఉండలు చుట్టి కుక్కండి. పడుకునే ముందు ఒకసారి, పొద్దున్నే ఇంకోసారి కాగితాలు మార్చండి. ఎర్రమట్టి ఆరాక బ్రష్‌తో దులిపితే చాలు, రాలిపోతుంది.